శిక్ష వేరు, చికిత్స వేరు

సిడ్నీ నగరపు పశ్చిమ శివార్లలో స్థిరపడిన ఒక తెలుగు తల్లి నాకు ఉత్తరం వ్రాశారు. ఆమె కుమారునికి పదకొండేళ్లు. తరగతిలోని స్నేహితులందరూ రగ్బీ లీగ్ ఆడుతున్నారు గనుక తానూ ఆడతానని పట్టుబట్టాడట. "తలకు దెబ్బలు తగులుతాయని నాకు భయం డాక్టరుగారూ. కానీ 2021లోనే నియమాలు కఠినం చేశారనీ, తలను తాకితే చాలు మైదానం నుంచి పంపించేస్తారనీ, ఇక భయపడనక్కరలేదనీ మావారి ఆఫీసులో అందరూ అంటున్నారు. నిజమేనా?" అని అడిగారు.

ఆమెకు నాలుగు వాక్యాల్లో జవాబు వ్రాద్దామని కూర్చున్నాను. ఆ 2021 సీజను వివరాలు ఒక్కొక్కటే ముందు పెట్టుకుని చూస్తున్నకొద్దీ, నాలుగు వాక్యాలు చాలవని అర్థమైంది. ఆ జవాబునే మీ అందరి ముందూ ఉంచుతున్నాను. మీ పిల్లలు రగ్బీ ఆడకపోవచ్చు. కానీ తలకు దెబ్బ తగలని పిల్లవాడున్న ఇల్లు నేనింతవరకూ చూడలేదు.

ముందుగా ఆట గురించి రెండు మాటలు. రగ్బీ లీగ్‌లో ఒక్కొక్క జట్టుకు 13 మంది. ఆట 80 నిమిషాలు. బంతిని చేతబట్టుకుని ప్రత్యర్థుల గీత దాటించాలి. బంతి పట్టుకున్నవాణ్ని ప్రత్యర్థులు ఒడిసిపట్టి కింద పడవేయవచ్చు. దాన్నే టాకిల్ అంటారు. ఒక జట్టుకు ఆరు టాకిళ్ల వరకే అవకాశం. మన కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ని పట్టుకోవడం ఒకసారి గుర్తు చేసుకోండి. తేడా ఏమిటంటే, ఇక్కడ ప్రతి టాకిల్ తరువాతా రక్షించే జట్టు 10 మీటర్లు వెనక్కు తగ్గాలి. ఆ పది మీటర్ల ఖాళీలోకి రెండు వైపుల నుంచీ పరుగెత్తుకు వచ్చి ఢీకొంటారు. ముందు వరుస ఆటగాళ్లలో నూరు కిలోలు దాటినవారే ఎక్కువ. తలపై గట్టి హెల్మెట్ ఉండదు. కొందరు మెత్తని టోపీ వంటిది పెట్టుకుంటారు. అది చర్మం చిట్లకుండా కాపాడవచ్చునేమో గానీ లోపల మెదడు కుదుపుకు గురికాకుండా ఆపలేదు.

ఆస్ట్రేలియాలో ఈ ఆటకు పెద్ద పోటీ నేషనల్ రగ్బీ లీగ్, క్లుప్తంగా ఎన్.ఆర్.ఎల్. 2021లో అందులో 16 జట్లు, 25 రౌండ్లు. ఆ సీజను మొదటి రౌండులోనే సిడ్నీ రూస్టర్స్ జట్టు నాయకుల్లో ఒకడైన జేక్ ఫ్రెండ్ తలకు దెబ్బ తగిలింది. అతనికి అది మొదటి దెబ్బ కాదు. ఏప్రిల్‌లో అతడు ఆటకు స్వస్తి చెప్పాడు. జూన్‌లో అదే జట్టుకు మరో నాయకుడు, ఆస్ట్రేలియా జాతీయ జట్టుకు కూడా సారథ్యం వహించిన బోయ్డ్ కార్డ్‌నర్ విరమించాడు. 2020 చివరలో తగిలిన దెబ్బ తరువాత అతడు మళ్లీ మైదానంలోకి దిగనే లేదు. ముప్ఫై ఏళ్లు నిండకముందే, కాలు విరిగి కాదు, కీలు జారి కాదు, మెదడు ఇక ఓర్వలేదని తెలిసి ఆగిపోయాడు. ఒకే జట్టు, ఒకే సీజను, ఇద్దరు నాయకులు.

ఈ రెండు విరమణల మధ్య వచ్చింది మే నెల. బ్రిస్బేన్‌లోని సన్‌కార్ప్ స్టేడియంలో మూడు రోజుల్లో ఎనిమిది మ్యాచ్‌లూ జరిపే 'మ్యాజిక్ రౌండ్' అనే ఉత్సవం అది. సరిగ్గా దానికి ముందు, తలను, మెడను తాకే టాకిళ్లను ఇక సహించేది లేదని పాలకమండలి ప్రకటించింది. దానికి అధ్యక్షుడు పీటర్ వీలాండిస్. ఆ మూడు రోజుల్లో రిఫరీలు 14 మందిని పది నిమిషాల చొప్పున బయట కూర్చోబెట్టారు. ముగ్గురిని ఆట నుంచే పంపివేశారు. ఆ రౌండులోనే మెల్బోర్న్ స్టార్మ్ ఆటగాడు ర్యాన్ పాపెన్‌హ్యూజెన్ తలకు ప్రత్యర్థి దెబ్బ తగిలి, సుమారు రెండు నెలలు ఆటకు దూరమయ్యాడు.

తరువాత రేగిన గగ్గోలు చూడండి. ఆట నాశనమైపోయిందన్నారు. మగవాళ్ల ఆటను పిల్లలాటగా మార్చేశారన్నారు. టిక్కెట్టు కొన్న ప్రేక్షకునికి 13 మందిపై 12 మంది ఆడే ఆట చూపిస్తారా అన్నారు. మాజీ ఆటగాళ్లు, వ్యాఖ్యాతలు, కొందరు శిక్షకులు కూడా ఈ పాట అందుకున్నారు. రెండు నెలలు వెలుతురును, చప్పుడును భరించలేక గదిలో పడుకునే రోగి సంగతి ఆ గోలలో వినిపించలేదు.

వైద్యునిగా నా మాట స్పష్టంగా చెబుతాను. ఆ మే నెలలో రిఫరీలు చేసింది తప్పు కాదు. తలను కొట్టినవాణ్ని బయటికి పంపడం ఆటను చెడగొట్టడం కాదు. దాన్ని గురించి ఏడ్చినవారు మెదడు అంటే ఏమిటో తెలియక ఏడ్చారు, లేదా తెలిసీ డబ్బు కోసం ఏడ్చారు. అయితే ఆ గోలకు భయపడి, ఆ నియమం చాలునని మురిసిపోతున్న వారితో కూడా నాకు అంతే పేచీ ఉంది. ఆ తల్లి భర్త ఆఫీసులోని వారు ఈ రెండో కోవకు చెందినవారు.

మెదడు పుర్రెలో బిగించిన వస్తువు కాదు. ద్రవంలో తేలుతూ ఉంటుంది. పెరుగు కుండను నెత్తిన పెట్టుకుని పరుగెత్తి, గోడకు గుద్దుకుంటే కుండ పగలకపోయినా పెరుగు ఏమవుతుంది? తల హఠాత్తుగా ఆగినా, మెలితిరిగినా లోపలి మెత్తని కణజాలం సాగి, నలుగుతుంది. కణాల పొరలలోంచి పొటాషియం బయటికి, కాల్షియం లోపలికి అస్తవ్యస్తంగా ప్రవహిస్తాయి. ఆ సమతుల్యాన్ని తిరిగి నిలబెట్టడానికి మెదడుకు ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే రక్తప్రసరణ తగ్గుతుంది. ఖర్చు పెరిగి, రాబడి తగ్గిన సంసారం లాంటిదన్నమాట. దీన్నే కంకషన్ అంటాం. స్పృహ తప్పితేనే కంకషన్ అని చాలామంది అనుకుంటారు. తప్పు. చాలా కంకషన్లలో స్పృహ తప్పదు. సి.టి. స్కాన్‌లో కూడా కనబడదు. స్కాన్ తీసేది రక్తస్రావం లేదని రూఢి చేసుకోవడానికి మాత్రమే.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, జిల్లా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉండగా ఒక లారీ క్లీనరును తీసుకువచ్చారు. బండి మీదనుంచి జారి పడ్డాడు. తల ఎక్స్‌రే తీయించాను, ఎముక విరగలేదు. మాట్లాడుతున్నాడు, నడుస్తున్నాడు. "ఏమీ లేదు, పో, రేపు పనిలోకి వెళ్లు" అని పంపించాను. రెండు వారాలకు అతని భార్య అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది. "అయ్యా, ఈయన మునుపటి మనిషి కాడు. చిల్లర లెక్క పెట్టలేకపోతున్నాడు. పిల్లలు నవ్వితే కొడుతున్నాడు" అని చెప్పుకుని ఏడ్చింది. ఆ రెండు వారాల్లో అతడు మరోసారి కూడా పడ్డాడని అప్పుడు తెలిసింది. పనిలోకి వెళ్లమని చెప్పింది నేనే. నాకు ఆనాడు తెలిసిన విద్య అంతే. కానీ 2021లో ఎన్.ఆర్.ఎల్. పెద్దలకు ఆ సాకు లేదు. వారికి అన్నీ తెలుసు.

ఎలా తెలుసు? 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికన్ పాథాలజిస్టు, బాక్సర్లలో తడబడే నడక, మందగించే బుద్ధి గురించి వైద్య పత్రికలో వ్రాశాడు. 2002లో చనిపోయిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడును పరీక్షించి, బెన్నెట్ ఒమాలు అనే వైద్యుడు క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతీ, అంటే సి.టి.ఇ. అనే వ్యాధిని ఆ ఆటలోనూ గుర్తించాడు. 'ఆ ఆట వేరు, మా ఆట వేరు' అని రగ్బీవారు అనగలిగిన రోజులు 2019తో తీరిపోయాయి. ఆ ఏడు సిడ్నీలోని రాయల్ ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ ఆసుపత్రికి చెందిన మైకేల్ బక్లాండ్, ఆయన సహచరులు ఇద్దరు మాజీ రగ్బీ లీగ్ ఆటగాళ్ల మెదళ్లలో అదే వ్యాధిని చూపించారు. వారిలో ఒకరు 59వ ఏట మరణించిన స్టీవ్ ఫోక్స్, ఆటగాడిగానూ శిక్షకుడిగానూ పేరుపొందిన వ్యక్తి. ఈ వ్యాధిలో టావ్ అనే ప్రోటీను మెదడు మడతల లోతుల్లో, చిన్న రక్తనాళాల చుట్టూ పేరుకుంటుంది. బ్రతికి ఉండగా దాన్ని నిర్ధారించే పరీక్ష నేటికీ లేదు. పెద్ద కంకషన్లు మాత్రమే కాదు, ఏళ్ల తరబడి తగిలే చిన్న చిన్న దెబ్బల మొత్తమే దీనికి ముఖ్యమైన మూలమని పరిశోధనలు చెబుతున్నాయి.

ఆ చివరి వాక్యాన్ని దయచేసి మళ్లీ చదవండి. 2021 నియమం ఎక్కడ సరిపోలేదో అక్కడే తెలుస్తుంది. ఆ నియమం నేరాన్ని చూసింది, గాయాన్ని చూడలేదు. పైకి లేచిన చేయి ప్రత్యర్థి దవడను తాకితే శిక్ష. బాగుంది. కానీ టాకిల్ చేసేవాడు తన తలను తప్పు వైపు పెట్టి, పరుగెత్తి వచ్చేవాని మోకాలికో తుంటికో గుద్దుకుంటే? అక్కడ నేరస్థుడు లేడు. గాయపడ్డవాడు టాకిల్ చేసినవాడే. రగ్బీలో టాకిల్ సమయంలో కంకషన్‌కు గురయ్యేవారిలో టాకిల్ చేసేవారే ఎక్కువని ఈ ఆటను పరిశీలించిన వైద్యులకు తెలిసిన విషయమే. వారికి సిన్ బిన్ ఏ రక్షణా ఇవ్వదు. నియమానుసారంగా జరిగిన ఢీ కూడా మెదడుకు ఢీయే. మెదడుకు నియమావళి చదవడం రాదు.

మరొకటి. ఇదే పాలకమండలి 2020 మే నెలలో, కోవిడ్ విరామం తరువాత ఆట మొదలైనప్పుడు, ఆటను వేగవంతం చేసింది. కొన్ని తప్పులకు ఆటను ఆపి పెనాల్టీ ఇచ్చే బదులు, ఆట సాగుతుండగానే మళ్లీ ఆరు టాకిళ్లు ఇచ్చే పద్ధతి పెట్టింది. 2021లో దాన్ని పది మీటర్ల నియమానికి కూడా విస్తరించింది. ఫలితంగా విరామాలు తగ్గాయి, ఊపిరి తీసుకునే వ్యవధి తగ్గింది. ఆ సీజనులో ఏకపక్షంగా ముగిసిన మ్యాచ్‌లు ఎన్నో మీరే చూడవచ్చు. అలసినవాని చేయి క్రిందికి వంగదు, పైకి లేస్తుంది. కాళ్లు కదలవు గనుక మొండెం ముందుకు వాలుతుంది. అలసటను పెంచే నియమం ఒక చేత్తో తెచ్చి, అలసినవాడు చేసిన తప్పుకు శిక్ష రెండో చేత్తో విధించారు. పొలానికి గట్టు తెంచి, నీరు పారినందుకు కాపువాణ్ని తిట్టినట్లుంది ఇది. ఆటగాళ్ల బాధ్యత లేదని నేననను. కానీ ఆ మే నెల నోటీసులో ఆటగాళ్ల బాధ్యత మాత్రమే ఉంది.

ఇక చికిత్స సంగతి. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే ఆటగాణ్ని బయటికి తెచ్చి, 15 నిమిషాలలోగా పరీక్షిస్తారు. దాన్ని హెడ్ ఇంజురీ అసెస్‌మెంట్ అంటారు. జ్ఞాపకశక్తి, నిలకడ, ప్రశ్నలకు జవాబులు చూసి, బాగున్నాడంటే తిరిగి పంపుతారు. కంకషన్ లక్షణాలు కొందరిలో గంటలు గడిచాక గానీ బయటపడవు. పదిహేను నిమిషాలకు అంత తొందరేమిటి? మ్యాచ్ అయిపోతుందనే గదా! 2021లో ఆ పరీక్ష చేసింది జట్టు వైద్యుడే. ఆయన నిజాయితీని నేను శంకించను. కానీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కోసం పైనుంచి వచ్చే ఒత్తిడి ఎలాంటిదో ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైనవానికి ఎవరూ వర్ణించి చెప్పనక్కరలేదు. స్వతంత్ర వైద్యులు వీడియో తెరల ముందు కూర్చుని చూసే ఏర్పాటు 2022లో గానీ రాలేదు.

కంకషన్ అని తేలిన ఆటగాడు ఎన్ని రోజులు విశ్రాంతి తీసుకోవాలో 2021లో కనీస గడువు లేదు. లక్షణాలు తగ్గి, వరుస పరీక్షలు దాటితే మరుసటి వారమే ఆడవచ్చు. కాలి కండరం చిట్లినవానికి మూడు వారాలు, మెదడు నలిగినవానికి ఒక వారం! ఆ సీజనులోనే తెచ్చిన మరో నియమం నాకు నవ్వూ ఏడుపూ కూడా తెప్పించింది. ఒకే జట్టులో ముగ్గురు తలదెబ్బ పరీక్షలో విఫలమైతే అదనంగా 18వ ఆటగాణ్ని దింపుకోవచ్చునట. ఒకే మ్యాచ్‌లో, ఒకే జట్టులో ముగ్గురి మెదళ్లు దెబ్బతినవచ్చునని ముందే ఊహించి దానికి ఏర్పాటు చేసుకున్న ఆట అది.

ఆగస్టు నాటికి మే నెల పౌరుషం ఏమయిందో కూడా చూడండి. సౌత్ సిడ్నీ ఆటగాడు లాట్రెల్ మిచెల్ టాకిల్‌లో రూస్టర్స్‌కు చెందిన జోసెఫ్ మాను చెంప ఎముక విరిగింది. మాను సీజను అక్కడితో ముగిసింది. మైదానంలో మిచెల్‌కు పడ్డ శిక్ష పది నిమిషాలు. ఆ తరువాతే ఆరు మ్యాచ్‌ల నిషేధం వచ్చింది. అక్టోబరు 3న బ్రిస్బేన్‌లో జరిగిన ఫైనల్‌లో సౌత్ సిడ్నీ 12-14తో పెన్‌రిత్ చేతిలో ఓడింది. కోవిడ్ వలన సిడ్నీ నుంచి తరలివచ్చిన ఫైనల్ అది. మిచెల్ ఉండి ఉంటే ఏమయ్యేదోనని అభిమానులు లెక్కలు వేసుకున్నారు. విరిగిన ఎముక ఎవరిదో ఆ లెక్కల్లో లేదు.

"వారు పెద్దవాళ్లు, డబ్బు తీసుకుని, తెలిసి ఆడుతున్నారు. మీకేమిటి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. శస్త్రచికిత్సకు ముందు మేము రోగి చేత సంతకం తీసుకుంటాం. ఆ సంతకం చెల్లాలంటే రెండు షరతులు. జరగబోయేదేమిటో పూర్తిగా చెప్పి ఉండాలి. సంతకం పెట్టేవాని బుద్ధి స్థిమితంగా ఉండాలి. పద్దెనిమిదేళ్ల కుర్రవానికి కాంట్రాక్టు చేతికిచ్చినప్పుడు అతని యాభయ్యవ ఏటి మెదడు గురించి ఎవరు చెప్పారు? దెబ్బ తిన్న మరుక్షణం "నేను బాగానే ఉన్నాను, ఆడతాను" అనేది ఆ దెబ్బ తిన్న మెదడే గదా! నా లారీ క్లీనరు కూడా ఆ రాత్రి అదే మాట అన్నాడు. తాగినవానికి బండి తాళం ఇవ్వరాదని ఒప్పుకునే మనం, ఈ నిర్ణయం మాత్రం అతనికే వదిలేస్తాం.

2022 ఆగస్టులో, 2015లో నార్త్ క్వీన్స్‌లాండ్ జట్టును విజేతగా నిలిపిన శిక్షకుడు, మాజీ ఆటగాడు పాల్ గ్రీన్ 49వ ఏట మరణించాడు. అతని మెదడులోనూ బక్లాండ్ సి.టి.ఇ.ని కనుగొన్నాడు. 2023లో ఆస్ట్రేలియా సెనేట్ కమిటీ తలదెబ్బలపై విచారణ నివేదిక ఇచ్చింది. 2023లో గానీ ఎన్.ఆర్.ఎల్. కంకషన్‌కు గురైనవానికి 11 రోజుల గడువు విధించలేదు. దానికీ నిపుణుల అనుమతితో మినహాయింపులున్నాయి. 2021 మే నెలలో సిన్ బిన్ కుర్చీ వేయడానికి ఒక్క వారం పట్టని చోట, పదకొండు రోజుల విశ్రాంతికి దాదాపు రెండేళ్లు పట్టింది. కుర్చీ ప్రేక్షకులకు కనిపిస్తుంది మరి.

అమ్మా, ఇక మీ అబ్బాయి సంగతి. 2021లో జరిగినదాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. ఆడవద్దని కూడా నేను ఖండితంగా చెప్పను. పిల్లలు పరుగెత్తాలి, పడాలి, లేవాలి. ఢీకొట్టని రూపాలు ఆ ఆటలోనే ఉన్నాయి. టచ్ ఫుట్‌బాల్‌లో చేతితో తాకితే చాలు, లీగ్ ట్యాగ్‌లో నడుముకు కట్టిన పట్టీ లాగితే చాలు. ముందు అవి ఆడించండి. టాకిల్ ఆటే కావాలని పట్టుబడితే, క్లబ్బువారిని మూడు ప్రశ్నలు అడగండి. వారంలో ఎన్ని రోజులు సాధనలో ఒకరినొకరు ఢీకొట్టుకుంటారు? సాధనలో తగిలే దెబ్బలు మ్యాచ్ దెబ్బలకంటే తక్కువేమీ కావు. అనుమానం వచ్చిన పిల్లవాణ్ని బయటికి తెచ్చే అధికారం ఎవరిది? ఆ వ్యక్తి శిక్షకుడు కాకుండా ఉంటే మంచిది. కంకషన్ అయితే ఎప్పుడు తిరిగి రానిస్తారు? 2024లో ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ పిల్లలకు, ఔత్సాహికులకు చెప్పింది ఇది: లక్షణాలు పూర్తిగా తగ్గాక 14 రోజులు గడవనిదే ఢీకొట్టే సాధన వద్దు, దెబ్బ తగిలిన నాటి నుంచి కనీసం 21 రోజులు గడవనిదే పోటీ వద్దు. మీ క్లబ్బు ఇంతకంటే తక్కువ చెబితే, ఆ క్లబ్బు వద్దు.

ఏ ఊళ్లో ఉన్నా తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన లక్షణాలు ఇవి. తలకు దెబ్బ తగిలాక పిల్లవాడు మళ్లీ మళ్లీ వాంతి చేసుకున్నా, తలనొప్పి పెరుగుతూ పోయినా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి లేపినా సరిగా లేవకపోయినా, మాట తడబడినా, ఒక చేయో కాలో బలహీనపడినా తెల్లవారేదాకా ఆగకండి. ఆసుపత్రికి తీసుకువెళ్లండి. అవేవీ లేకుండా, ఊరికే చిరాకుపడుతూ, పాఠం మరచిపోతూ, వెలుతురు చూడలేకపోతూ ఉంటే కూడా దాన్ని బద్ధకమనుకోకండి. బడికి ఒకటి రెండు రోజులు సెలవు, ఫోను తెరకు అంతకంటే ఎక్కువ సెలవు ఇచ్చి, మైదానానికి పంపకుండా డాక్టరుకు చూపించండి. అక్కడ డాక్టరు ఎక్స్‌రే ఒక్కటే చూసి "ఏమీ లేదు, పో" అంటే, ఒకసారి నేనూ అలాగే అన్నానని ఆయనతో చెప్పండి.